ఇంట్లో లెక్కలు ఎలా మొదలుపెట్టాలి? తెలుగులో చెప్తే పిల్లలు తికమక పడతారా?

పోయిన ఎపిసోడ్‌లో అక్షరాల గురించి మాట్లాడుకున్నాం. ఈసారి లెక్కలు. మూడేళ్ళ నుంచి ఏడెనిమిదేళ్ళ లోపు పిల్లలున్న తల్లిదండ్రుల కోసం, ఆ పిల్లల్ని పగలంతా చూసుకునే అమ్మమ్మలు, నాయనమ్మలు, తాతయ్యల కోసం ఈ ఎపిసోడ్.

నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఒకటుంది. "మేడం, మా పాప ఇంగ్లీషు మీడియం. నేను పదో తరగతి వరకు తెలుగులో చదువుకున్నాను. బడిలో వాళ్ళు టెన్స్, వన్స్, యాడ్, సబ్‌ట్రాక్ట్ అంటారు. ఇంట్లో నేను తెలుగులో చెప్తే పాప తికమక పడుతుందేమో అని భయం. అందుకే ట్యూషన్‌లో వేశాం." పాప వయసెంత అని అడిగితే ఐదేళ్ళు అంటారు. ఐదేళ్ళ పిల్లకి లెక్కల ట్యూషన్! డబ్బు సంగతి పక్కన పెట్టండి. కన్నతల్లి "నాకు రాదు, నేను చెప్పలేను" అని పక్కకి జరిగిపోతోంది చూశారా, అది నాకు కష్టంగా ఉంటుంది. ఎందుకంటే ఆ వయసులో కావలసిన లెక్కలు ఆవిడకి వచ్చు. రోజూ వంటింట్లో చేస్తూనే ఉంటుంది.

ఈ ఎపిసోడ్‌లో నేను చెప్పదలచుకున్నది ఇదే. మొదటి లెక్కలు మీ ఇంటి భాషలోనే చెప్పండి. వస్తువులు చేతికిచ్చి చెప్పండి, అంకెలు రాయించడం ఆఖరున పెట్టుకోండి. తెలుగు అడ్డం అవుతుందన్నది అపోహ. కొన్నిచోట్ల ఇంగ్లీషు కంటే తెలుగే దారి తేలిక చేస్తుంది. అది ఎలాగో కాసేపట్లో పుల్లలతో చూపిస్తాను. ముందు అంతకంటే మొదటి మెట్టు చూద్దాం.

నేను ప్రాథమిక పాఠశాలలో 32 ఏళ్ళు చెప్పాను. ఒకటో తరగతిలో చేరే పిల్లల్లో చాలామంది వంద వరకు గడగడా చెప్పేసేవాళ్ళు. తండ్రి పక్కనే నిలబడి "చూడండి టీచర్, వంద దాకా వచ్చు" అనేవాడు. నేను పిల్లాడికి గిన్నెలో చింతగింజలు పెట్టి "ఏడు ఇవ్వు నాన్నా" అనేదాన్ని. గుప్పెడు తీసి నా చేతిలో పోసేవాడు. లెక్కపెట్టమంటే వేలు ఒక గింజ మీద ఉంటుంది, నోరు రెండు అంకెలు ముందుకెళ్ళిపోతుంది. అంటే వాడికి వచ్చింది పాట. "ఒకటి రెండు మూడు నాలుగు" అని ఒక పాట. పాట రావడం మంచిదే, అది కూడా కావాలి. కాని అది లెక్క కాదు.

గెల్మన్, గాలిస్టెల్ అని ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1978లో పిల్లల సంఖ్యాజ్ఞానం మీద ఒక పుస్తకం రాశారు. లెక్కపెట్టడం అనే చిన్న పనిలో ఎన్ని సంగతులు దాగి ఉన్నాయో అందులో విడదీసి చెప్పారు. ఒక్కో వస్తువుకి ఒక్కటే అంకె చెప్పాలి. అంకెలు ఎప్పుడూ ఒకే వరుసలో రావాలి. ఆఖరున చెప్పిన అంకే మొత్తం ఎన్ని ఉన్నాయో చెప్తుంది. ఏ వస్తువునైనా లెక్కపెట్టొచ్చు. ఏ వైపు నుంచి మొదలుపెట్టినా మొత్తం మారదు. మనకి ఇవి చెప్పుకోవలసిన విషయాల్లాగే అనిపించవు. పిల్లలకి మాత్రం ఒక్కొక్కటీ ఒక్కో మెట్టు.

వీటిలో మూడోది చాలామంది దగ్గర ఆగిపోతుంది. మీరే చేసి చూడండి. ఐదు శనగగింజలు వరసగా పెట్టి లెక్కపెట్టమనండి. "ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు" అంటుంది. వెంటనే "అయితే ఎన్ని ఉన్నాయమ్మా?" అని అడగండి. మూడు, నాలుగేళ్ళ పిల్ల మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెడుతుంది. ఆ పిల్ల దృష్టిలో ఐదు అనేది ఆఖరి గింజ పేరు. మొదటి గింజ పేరు ఒకటి, రెండోదాని పేరు రెండు, అలాగన్నమాట. దానికి కోప్పడకండి, "తప్పు" అని కూడా అనకండి. లెక్క పూర్తికాగానే ఆ గింజలన్నిటి చుట్టూ చేత్తో ఒక గీత గీసినట్టు తిప్పి "అన్నీ కలిపి ఐదు" అనండి. రోజుకి రెండు మూడుసార్లు, మెట్లెక్కేటప్పుడు, చపాతీలు పెట్టేటప్పుడు ఇలా అనండి. కొన్ని వారాల్లో పిల్ల తనే చెయ్యి తిప్పుతుంది.

"ఎన్ని ఉన్నాయి?" కంటే "ఐదు పట్టుకురా" అనేది కష్టమైన పని. ఎందుకంటే ఐదు దగ్గర ఆగాలని తీసేటంతసేపూ గుర్తుంచుకోవాలి. కాబట్టి ముందు మూడు గరిటెలు, రెండు ఉల్లిపాయలు, నాలుగు పచ్చిమిరపకాయలు అడగండి. వంటింటి పని ఇలా వాళ్ళకి పురమాయిస్తే పాఠం దానంతటదే నడుస్తుంది. పిల్లాడు ఐదు ఉల్లిపాయలకి ఏడు తెస్తే "రా, కలిసి లెక్కపెడదాం" అనండి చాలు.

ఇక్కడ మన భాషలో ఒక చిత్రం ఉంది. ఇంగ్లీషులో రెండు పుస్తకాలకైనా, రెండు కుక్కలకైనా, ఇద్దరు మనుషులకైనా టూ అనే అంటారు. మనం మనుషుల్ని రెండు అనం. ఇద్దరు, ముగ్గురు, నలుగురు, ఐదుగురు అంటాం. పిల్లలు కొన్నాళ్ళు "రెండు అక్కలు" అంటారు, ముద్దుగా ఉంటుంది. కాని లెక్కల పరంగా దీన్ని వాడుకోవచ్చు. భోజనాల వేళ పిల్లని అడగండి: "మనం ఎంతమందిమి? నలుగురం. అయితే ఎన్ని కంచాలు కావాలి?" నలుగురు అన్న మాటకీ నాలుగు అన్న మాటకీ ముడి పడాలి. మనిషికొక కంచం, కంచానికొక గ్లాసు. "తాతయ్య పొలం నుంచి రాలేదు, ఇప్పుడు ఎన్ని కంచాలు?" ఇది తీసివేత. తీసివేత అన్న మాట అసలు పలకలేదు చూశారా.

ఇంకో సంగతి. ఆరు గింజలు దగ్గర దగ్గరగా ఒక వరస, ఇంకో ఆరు దూరం దూరంగా ఒక వరస పెట్టండి. దేన్లో ఎక్కువున్నాయి అంటే నాలుగైదేళ్ళ పిల్లలు పొడుగు వరస చూపిస్తారు. టీచర్ ట్రైనింగ్ చేసినవాళ్ళందరూ పియాజే పేరుతో చదివిన ప్రయోగం ఇది. మీ పిల్ల అలా చెప్తే కంగారు పడొద్దు, వాదించొద్దు. వయసుతో వస్తుంది. మీరు చెయ్యగలిగింది ఒకటే, పై గింజకీ కింద గింజకీ జత కట్టించి చూపించడం.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన ఆట చెప్తాను. ఖర్చు లేదు. ఐదు చింతగింజలు తీసుకోండి, పిల్ల చేత లెక్కపెట్టించండి. అవి రెండు చేతుల్లోకి పంచుకుని గుప్పిళ్ళు మూసెయ్యండి. ఒక గుప్పిట తెరవండి. మూడు కనపడతాయి. "రెండో గుప్పిట్లో ఎన్ని?" మన పెద్దవాళ్ళు ఆడిన సరి బేసి ఆటకి ఇది చెల్లెలు లాంటిది. మొదట్లో పిల్ల ఊహించి చెప్తుంది, తెరిచి చూసి నవ్వుతుంది. కొన్నాళ్ళకి వేళ్ళ మీద చూసుకుంటుంది. ఆ తర్వాత చూడకుండానే చెప్పేస్తుంది. ఐదుతో బాగా వచ్చాక ఆరు, ఏడు, అలా పది దాకా వెళ్ళండి. దీనికి నేనైతే నాలుగైదు నెలలు కేటాయిస్తాను. చాలా ఎక్కువ అనిపిస్తుంది కదా? కాని పదిని ఎన్ని రకాలుగా విడగొట్టొచ్చో చేతికి తెలిసిన పిల్లకి, అంటే ఏడుకి మూడు, ఆరుకి నాలుగు, ఎనిమిదికి రెండు అని తడుముకోకుండా తెలిసిన పిల్లకి, రెండో తరగతిలో ఎనిమిది ప్లస్ ఐదు భయం కాదు. ఎనిమిదికి రెండిస్తే పది, ఇంకా మూడు మిగిలాయి, పదమూడు. ఆ పిల్లకి వర్క్‌బుక్కులు అక్కర్లేదు.

వేళ్ళు వాడొద్దని కొన్ని బళ్ళలో కొడతారట ఇంకా. దయచేసి వేళ్ళ జోలికి వెళ్ళకండి. మన పెద్దవాళ్ళు బొటనవేలితో మిగతా వేళ్ళ కణుపులు తాకుతూ లెక్కపెట్టేవాళ్ళు. వేలికి మూడు చొప్పున నాలుగు వేళ్ళకి పన్నెండు. మా నాయనమ్మ పాల లెక్క అలాగే చూసేది. అక్షరం ముక్క రాదు, పాలవాడు మాత్రం ఒక్కరోజు కూడా ఎక్కువ కట్టించుకోలేకపోయాడు. వేళ్ళు అవసరం లేనప్పుడు పిల్లలే మానేస్తారు.

ఆటల మాట వచ్చింది కాబట్టి ఒక పరిశోధన గురించి చెప్పాలి. రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి అని ఇద్దరు అమెరికాలో 2008లో ప్రచురించారు. పేద కుటుంబాల చిన్నపిల్లలతో చేసిన పని. ఒకటి నుంచి పది వరకు గళ్ళున్న పొడుగాటి పట్టీ మీద కొందరి చేత ఆడించారు, అంకెల బదులు రంగులున్న పట్టీ మీద ఇంకొందరి చేత ఆడించారు. రెండు వారాల్లో నాలుగుసార్లు, ఒక్కోసారి పావుగంట. అంతే. అంకెల పట్టీ మీద ఆడిన పిల్లలకి ఏ అంకె పెద్దది, ఏది ఎక్కడుంటుంది అన్నది బాగా పెరిగింది. రంగుల మీద ఆడినవాళ్ళకి అలా రాలేదు.

మనింట్లో దీన్ని ఎలా చేసుకోవాలో చూడండి. పాత క్యాలెండర్ వెనక వైపు ఒక పొడుగు పట్టీ, పది గళ్ళు, ఎడమ నుంచి కుడికి ఒకటి నుంచి పది. పాచిక అక్కర్లేదు, రూపాయి బిళ్ళ ఎగరేయండి. బొమ్మ పడితే ఒక గడి, బొరుసు పడితే రెండు గళ్ళు. ఒక్క జాగ్రత్త, ఇది ముఖ్యం. కాయ మూడులో ఉంది, రెండు పడింది అనుకోండి. మనం మామూలుగా "ఒకటి, రెండు" అంటూ జరుపుతాం. అలా కాకుండా గడి మీదున్న అంకె చెప్తూ "నాలుగు, ఐదు" అని జరిపించండి. లాస్కీ, సీగ్లర్ 2014లో సరిగ్గా ఈ తేడానే పరీక్షించారు. గడిలోని అంకె చెప్తూ ఆడినవాళ్ళకే లాభం ఎక్కువ కనపడింది. ఆలోచిస్తే సబబే కదా. మూడు తర్వాత ఇంకో రెండు వెళ్తే ఐదు అన్నది పిల్ల నోటితో పలుకుతుంది.

వైకుంఠపాళి మంచి ఆటే కాని నాలుగేళ్ళవాళ్ళకి అప్పుడే వద్దు. కింది వరస ఎడమ నుంచి కుడికి, పై వరస కుడి నుంచి ఎడమకి పాములా మెలికలు తిరుగుతుంది, చిన్నపిల్లలు దారి తప్పుతారు. ఆరేళ్ళు వచ్చాక ఆడించండి. అష్టా చెమ్మా ముందే నేర్పొచ్చు. నాలుగు గవ్వలు వేస్తే ఎన్ని వెల్లకిలా పడ్డాయో ఒక్క చూపులో చెప్పడం అలవాటవుతుంది. నాలుగు పడితే చెమ్మా, ఒక్కటీ పడకపోతే అష్టా, ఎనిమిది. ఈ "ఒక్క చూపులో చెప్పడం" చాలా పనికొచ్చే నేర్పు. మూడింటిని, నాలుగింటిని లెక్కపెట్టకుండా చూసి చెప్పగలగాలి.

సరే, ఇప్పుడు తెలుగు సంగతికి వద్దాం. పది దాటాక ఏమవుతుందో చూడండి.

ఇంగ్లీషులో పదకొండు అంటే ఇలెవెన్, పన్నెండు అంటే ట్వెల్వ్. ఈ మాటల్లో పది ఎక్కడా వినపడదు. ఆ తర్వాత థర్టీన్, ఫోర్టీన్. ఇక్కడ మూడు ముందు వినిపిస్తుంది, పది తర్వాత వస్తుంది. రాసేటప్పుడు మాత్రం పది ముందు రాయాలి. అందుకే చాలామంది పిల్లలు థర్టీన్ అనగానే 31 రాస్తారు. విన్నది విన్నట్టు రాశారు, పాపం. పైగా థర్టీన్, థర్టీ రెండూ చెవికి ఒకేలా ఉంటాయి. ముప్పైమంది కూర్చున్న గదిలో వెనక బెంచీ పిల్లకి ఆ చివరి శబ్దం వినపడదు.

ఇప్పుడు తెలుగు వినండి. పదకొండు, పన్నెండు, పదమూడు, పద్నాలుగు, పదిహేను, పదహారు, పదిహేడు, పద్దెనిమిది, పందొమ్మిది. పన్నెండులో, పందొమ్మిదిలో పది కొంచెం ముడుచుకుంది. మిగతా అన్నిట్లో నిలబడి ఉంది, అదీ ముందు. పది, మూడు – పదమూడు. రాసేటప్పుడూ అదే వరస. ఆ పైన ఇరవై ఒకటి, ఇరవై రెండు, ముప్పై ఐదు, తొంభై తొమ్మిది. పదులు ముందు, ఒకట్లు తర్వాత, ఎక్కడా తిరకాసు లేదు. హిందీలో ఒకటి నుంచి వంద వరకు దాదాపు ప్రతి అంకె పేరూ విడిగా నేర్చుకోవాలి. జర్మన్‌లో ఇరవై ఒకటిని ఒకటీ ఇరవై అంటారు. ఫ్రాన్సులో ఎనభైని నాలుగు ఇరవైలు అంటారు. పక్కనే ఉన్న తమిళంలో కూడా తొంభై దగ్గర మెలిక ఉంది, దాని పేరులో నూరు వినిపిస్తుంది. మనకి ఆ బాధ లేదు. డెబ్భైలో ఏడు కనపడకపోవడం లాంటి కొన్ని ఇబ్బందులు ఉన్నా ముప్పైలో మూడు, నలభైలో నాలుగు, ఎనభైలో ఎనిమిది, తొంభైలో తొమ్మిది పోల్చుకోవచ్చు. చైనా, జపాన్ భాషల్లో పదకొండుని పది-ఒకటి అంటారు, అంత సూటిగా ఉండే భాషల పిల్లలకి పదులూ ఒకట్లూ తొందరగా అర్థమవుతాయా అని పరిశోధకులు చాలా ఏళ్ళుగా చూస్తున్నారు. భాష ఒక్కటే కారణం అని నేను అనను, అక్కడి బళ్ళు వేరు, ఇళ్ళు వేరు. కాని చేతిలో ఉన్న సౌకర్యాన్ని వాడుకోకపోవడం ఎందుకు?

ఇదిగో, ఇక్కడ చూడండి. చీపురు పుల్లలు ఒకే పొడుగున విరిచి పెట్టుకున్నాను. అగ్గిపుల్లలు వద్దండీ, మందు తల ఉంటుంది, నోట్లో పెట్టుకుంటారు. ఐస్‌క్రీమ్ పుల్లలైనా బాగుంటాయి. పది లెక్కపెట్టి రబ్బరు బ్యాండు వేశాను. ఇది ఒక కట్ట. ఈ కట్ట పిల్ల చేతే కట్టించాలి. మీరు కట్టి ఇస్తే దాని లోపల పది ఉన్నాయని పిల్లకి నమ్మకం ఉండదు. ఇప్పుడు ఒక కట్ట, పక్కన మూడు విడి పుల్లలు. "పది, మూడు. పదమూడు." రెండు కట్టలు, నాలుగు పుల్లలు. "ఇరవై నాలుగు." కొన్ని రోజులు ఇలాగే. పలక మీద రాయడం ఇంకా రాలేదు, గమనించండి.

ఆ తర్వాత ఒక కాగితం మధ్యలో గీత గీసి ఎడమ వైపు కట్టలు, కుడి వైపు విడి పుల్లలు పెట్టించి వాటి కిందే అంకె రాయించండి. రెండు కట్టల కింద 2, నాలుగు పుల్లల కింద 4. అప్పుడు చెప్పండి, "దీన్నే బడిలో టీచరు ట్వెంటీ ఫోర్ అంటారు" అని. కట్టలు టెన్స్, విడివి వన్స్. అర్థమైపోయిన వస్తువుకి రెండో పేరు పెట్టడం పిల్లలకి చిటికెలో పని. అమ్మనే మమ్మీ అని కూడా అనగలరు కదా. అర్థం కాని దానికి పేరు పెట్టడమే కష్టం. తికమక వస్తే అక్కడ వస్తుంది.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న మన పిల్లలకి కూడా ఇదే. అక్కడి బడిలో ఇంగ్లీషే. కాని వీడియో కాల్‌లో అమ్మమ్మ "పదమూడు అంటే పదీ మూడూ" అని పుల్లలు చూపిస్తే అది ఆ బడి లెక్కకి సాయమే తప్ప అడ్డం కాదు.

తల్లుల భయం నాకు అర్థమవుతుంది. మన ప్రభుత్వ బళ్ళు కూడా రెండు రాష్ట్రాల్లో ఇంగ్లీషు మీడియం వైపు వెళ్ళాయి. కాని ఒక్కసారి మీ పిల్లల లెక్కల పుస్తకం తెరవండి. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ అదే పాఠం ఇంగ్లీషు. ప్రభుత్వమే రెండు భాషల్లో అచ్చువేసి ఇచ్చింది. మీరు తెలుగు పేజీ చదివి చెప్పొచ్చు. 2020 జాతీయ విద్యావిధానం కూడా వీలైనంతవరకు ఐదో తరగతి దాకా ఇంటి భాషలో బోధన ఉండాలనే చెప్పింది. ప్రైవేటు బళ్ళ పుస్తకాల్లో తెలుగు పేజీ ఉండదు, నిజమే. అక్కడ పుల్లలే మీ తెలుగు పేజీ.

వంద దాటాక ఇంకో గొడవ వస్తుంది, అది మన భాషలోనూ ఉంది. నూట ఐదు రాయమంటే 1005 అని రాస్తారు. నూరు రాశాడు, ఐదు రాశాడు. వాడి న్యాయం వాడిది. దానికి మందు సున్న అర్థం కావడమే. పది కట్టలు కలిపి ఒక పెద్ద మోపు. కాగితం మీద మూడు గళ్ళు: మోపులు, కట్టలు, విడి పుల్లలు. నూట ఐదుకి మోపు ఒకటి, మధ్య గడి ఖాళీ, విడి పుల్లలు ఐదు. ఆ ఖాళీ గడి కింద ఏం రాయాలి? ఏమీ లేదు కాబట్టి సున్న. అప్పుడు 105 కనపడుతుంది. సున్న అంటే "ఏమీ లేదు" అని మాత్రమే చెప్తే చాలదు, అది ఒక చోటు కాపలా కాస్తోందని తెలియాలి.

డబ్బుతో నేర్పించొచ్చు కదా అని అడుగుతారు. నేర్పించొచ్చు, కాని రెండో దశలో. పది రూపాయల నోటు విప్పి చూస్తే లోపల పది రూపాయి బిళ్ళలు ఉండవు. అది నమ్మకం మీద నడిచేది. కట్ట విప్పితే నిజంగా పది పుల్లలు రాలుతాయి. ఈ విప్పడమే ఇప్పుడు మనకి కావాలి.

తీసివేత. రెండో తరగతి పిల్లల్ని లెక్కలంటే పారిపోయేట్టు చేసేది ఇదే. గ్రామాల్లో ఇళ్ళకి వెళ్ళి పిల్లల చదువు చూసే అసర్ సర్వేలో లెక్కలకి నాలుగు మెట్లుంటాయి. ఒక అంకె గుర్తుపట్టడం, రెండంకెల సంఖ్య గుర్తుపట్టడం, రెండంకెల తీసివేత, భాగహారం. ఆ మూడో మెట్టు ఈ లెక్కే. 42 లోంచి 17 తియ్యాలి. చాలామంది పిల్లలు 35 అని రాస్తారు. ఎలా వచ్చింది? రెండులోంచి ఏడు పోదు కాబట్టి, ఏడులోంచి రెండు తీసేశారు, ఐదు. నాలుగులోంచి ఒకటి, మూడు. మనం "అప్పు తెచ్చుకోవాలి" అని చెప్తాం. ఎవరి దగ్గర అప్పు? మళ్ళీ తీర్చాలా? ఒక పిల్లాడు నన్నే అడిగాడు, "టీచర్, పక్కింటి నాలుగు దగ్గర ఒకటి అప్పు తెస్తే మనకి పది ఎలా అవుతుంది?" అని. ఎంత మంచి ప్రశ్న! ఆ "అప్పు" అన్న మాటలోనే చిక్కుంది.

పుల్లలతో చేయించండి. నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు. "నాకు పదిహేడు ఇవ్వు." ఒక కట్ట ఇస్తుంది. ఇంకా ఏడు ఇవ్వాలి, విడిగా రెండే ఉన్నాయి. కాసేపు ఆగండి. మీరు చెప్పొద్దు. ఇక్కడ నోరు మూసుకుని కూర్చోవడం చాలా కష్టం, కాని ఆగండి. చాలామంది పిల్లలు తమంతట తామే ఒక కట్ట రబ్బరు బ్యాండు లాగేస్తారు. ఇప్పుడు విడివి పన్నెండు. ఏడిస్తే ఐదు మిగిలాయి. కట్టలు రెండు. ఇరవై ఐదు. ఏ అప్పూ లేదు, కట్ట విప్పాం, అంతే. ఇది పది పదిహేను లెక్కలు చేశాకే పలక మీద 4 కొట్టేసి 3 రాయడం చూపించండి. అప్పుడు ఆ కొట్టివేత అంటే ఏమిటో చేతికి తెలిసి ఉంటుంది. కూడికలో చేతిలో ఒకటి ఉంచుకోవడం దీనికి తిరగేసిన పని, పది పోగైతే కట్ట కట్టడం. దానికి వేరే పాఠం అక్కర్లేదు.

ఎక్కాల గురించి రెండు మాటలు. రెండొకట్ల రెండు, రెండు రెళ్ళు నాలుగు అని వల్లెవేయించడానికి నేను వ్యతిరేకిని కాను. నోటికి రావాలి, పెద్ద లెక్కల్లో అది ఎంతో సాయం. కాని ముందు కంటికి కనపడాలి. ఇడ్లీ స్టాండు తీసుకోండి. ఒక్కో ప్లేటులో నాలుగు గుంటలు. మూడు ప్లేట్లు. నాలుగు మూళ్ళు పన్నెండు, ఆవిరి మీద ఉడుకుతున్నాయి. ముగ్గు చుక్కలు ఇంకా బాగుంటాయి. ఐదు వరసల్లో ఐదేసి చుక్కలు పెడితే ఇరవై ఐదు. ఇంకో ముగ్గు ఉంది కదా, ఐదు చుక్కలు పెట్టి మధ్య చుక్కలతో పైకీ కిందకీ నాలుగు, మూడు, రెండు, ఒకటి వచ్చేది. దాని చుక్కలు లెక్కపెట్టండి. అవీ ఇరవై ఐదే! ఏడు చుక్కల ముగ్గు వేస్తే నలభై తొమ్మిది. ఏడేళ్ళు ఏ ఎక్కమో, ఏ ముగ్గో, రెండూ ఒకే చోటికి ఎందుకు వచ్చాయో మీ పాపతో కూర్చుని ఆలోచించండి. ధనుర్మాసంలో వాకిట్లో అదొక్కటి చాలు.

ఎంతసేపు చెప్పాలి అంటారా? ఐదేళ్ళ లోపు పది నిమిషాలు, ఏడేళ్ళకి పావుగంట, ఇరవై నిమిషాలు. పిల్ల లేచి వెళ్ళిపోతే ఆ రోజుకి అయిపోయినట్టే. పిల్లల ముందు "మా వంశంలోనే లెక్కలు రావు" అని మాత్రం ఎవరూ అనకండి. పక్కింటి పిల్లతో పోల్చకండి. కేంద్ర ప్రభుత్వం 2021 జులై 5న మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం కూడా ఈ మౌలిక లెక్కలకి మూడో తరగతి చివరి వరకు సమయం ఇచ్చింది. మీ పాపకి ఇప్పుడు ఐదేళ్ళు. యూకేజీలో తీసివేతలు రాలేదని రాత్రి ఏడిపించి రాయించకండి.

అలాగని పూర్తిగా వదిలెయ్యమనీ కాదు. ఏడేళ్ళు నిండినా, కొన్ని నెలలు ఇలా ఆడించినా, ఐదారు వస్తువులు సరిగ్గా లెక్కపెట్టలేకపోతే, మూడు పెద్దదా ఎనిమిది పెద్దదా అంటే తడబడితే, ముందు చూపు, వినికిడి పరీక్ష చేయించండి. అవి బాగుంటే టీచరుతో మాట్లాడి, చిన్నపిల్లల డాక్టరుకి చూపించండి. డిస్కాల్కులియా అని ఒక ఇబ్బంది ఉంది, తెలివితేటలు బాగానే ఉన్నా అంకెల దగ్గర మాత్రం చిక్కు పడతారు. అది బద్ధకం కాదు. ముందుగా తెలిస్తే సాయం చెయ్యొచ్చు.

ఈ వారం రెండే పనులు చెయ్యండి. ఐదు చింతగింజల గుప్పిట ఆట ఒకటి. పిల్ల చేత పది పుల్లల కట్టలు కట్టించడం ఒకటి, కనీసం నాలుగు కట్టలు. పుల్లలు సిద్ధంగా పెట్టుకుంటే వచ్చే ఎపిసోడ్‌లో వాటితోనే మూడంకెల కూడికలు చేద్దాం. గడియారం చూడడం ఎలా నేర్పాలని కూడా కొంతమంది అడిగారు, దానికి విడిగా ఒక ఎపిసోడ్ చేస్తాను. మీ ప్రశ్నలు కింద రాయండి. పిల్ల వయసు, ఏ తరగతో రాయడం మర్చిపోకండి, అది తెలిస్తేనే నేను సరిగ్గా చెప్పగలను. ఉంటానండీ.